ఇంటి కంప్యూటర్‌లో రిస్టోర్ పాయింట్లు: వాటంతటవే ఏర్పడేలా, అవసరానికి మిగిలేలా

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైన పరిస్థితి ఇది. చిత్తూరులో మీ ఇంట్లో అందరికీ కలిపి ఒకటే కంప్యూటర్ ఉంది. అందులో విండోస్ 11, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్నాయి. పగలు మీ శ్రీమతి గారు పెళ్లిపత్రికల డీటీపీ పని చేస్తారు, సాయంత్రం మీ అబ్బాయి ఇంటర్ పాఠాలు చూస్తాడు, తిరుమల దర్శనం టికెట్లు విడుదలైన రోజున మీ నాన్నగారి కోసం బుక్ చేసేది కూడా అందులోనే. కొత్త ప్రింటర్ డ్రైవర్ (ప్రింటర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్) వేసిన కొన్నాళ్లకు పాత ప్రింటరూ, తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేరూ రెండూ మొరాయించాయి. విండోస్‌ను అంతకుముందున్న స్థితికి తీసుకెళ్లే సిస్టమ్ రిస్టోర్ తెరిచి చూస్తే, వెనక్కి వెళ్లడానికి కావలసిన రిస్టోర్ పాయింట్, అంటే ఆ పాత స్థితిని గుర్తుపెట్టుకున్న మజిలీ, ఒక్కటి కూడా లేదు. ఇకపై రోజూ ఒక రిస్టోర్ పాయింట్ దానంతటదే తయారయ్యేలా, పాతవి వాటంతటవే తొలగిపోయేలా ఎలా ఏర్పాటు చేసుకోవాలని అడిగారు.

తిరుపతిలో చాలా ఏళ్లుగా ఇళ్లలోని కంప్యూటర్లు బాగుచేసే పనిలో ఉన్నవాడిగా చెబుతున్నాను, ఆ ఏర్పాటు కష్టమైనది కాదు. అయితే మీరు అడిగిన ‘రోజూ’ అన్న మాట దగ్గర మాత్రం నేను ఆగి, అది మీ ఇంటికి ఎందుకు సరిపోదో కాస్త వివరంగా చెప్పవలసి ఉంది. దానికంటే ముందు, మీ కంప్యూటర్‌లో ఒక్క పాయింట్ కూడా ఎందుకు లేదో తెలియాలి, ఎందుకంటే ఆ కారణం అలాగే ఉండిపోతే ఎన్ని ఏర్పాట్లు చేసినా ఫలితం ఉండదు.

మొదటి కారణం సిస్టమ్ ప్రొటెక్షన్ ఆఫ్‌లో ఉండటం. స్టార్ట్ మెనూలో ‘క్రియేట్ ఎ రిస్టోర్ పాయింట్’ అని వెతికితే సిస్టమ్ ప్రాపర్టీస్ విండో సిస్టమ్ ప్రొటెక్షన్ ట్యాబ్ మీదనే తెరుచుకుంటుంది. అక్కడ సీ డ్రైవ్ ఎదురుగా ‘ఆఫ్’ అని ఉంటే ఇంతకాలం మీ కంప్యూటర్ ఏ పాయింట్‌నూ తయారు చేయలేదన్నమాట. డ్రైవర్ వేసినప్పుడు విండోస్ తనంతట తానే పాయింట్ పెట్టుకుంటుందని చాలామంది భరోసాతో ఉంటారు కానీ, ప్రొటెక్షన్ ఆఫ్‌లో ఉంటే అది ఏమీ చేయదు, చేయలేదని మనకు చెప్పదు కూడా. ‘కాన్ఫిగర్’ నొక్కి, ‘టర్న్ ఆన్ సిస్టమ్ ప్రొటెక్షన్’ ఎంచుకోండి. సీ డ్రైవ్‌కు మాత్రమే చాలు. అయితే మీ కంప్యూటర్‌లో ఇది ఎప్పుడు చేయాలో చివర్లో చెబుతాను.

రెండో కారణం ఎక్కువ మందికి తెలియనిది. ప్రొటెక్షన్ ఆన్‌లో ఉన్నా విండోస్ రోజూ పాయింట్ పెట్టదు. పనులను అనుకున్న వేళకు నడిపే టాస్క్ షెడ్యూలర్ అనే విండోస్ ప్రోగ్రామ్‌లో మైక్రోసాఫ్ట్, విండోస్, సిస్టమ్‌రిస్టోర్ అనే ఫోల్డర్ల వరుసలో ‘ఎస్ఆర్’ అనే ఒక పని ఉంటుంది. గత ఏడు రోజుల్లో వేరే పాయింట్ ఏదీ ఏర్పడకపోతే అది ఒకటి తయారు చేస్తుంది. ఆ పనికి సొంతంగా ఒక వేళ అంటూ లేదు. విండోస్ చేసుకునే ఆటోమేటిక్ మెయింటెనెన్స్‌లో భాగంగా అది నడుస్తుంది, ఆ మెయింటెనెన్స్‌కు మొదటి నుంచీ పెట్టి ఉన్న సమయం తెల్లవారుజామున 2 గంటలు. ఆ వేళకు కంప్యూటర్ ఆన్‌లో లేకపోతే, తర్వాత ఎప్పుడైనా అది ఆన్‌లో ఉండి, ఎవరూ వాడకుండా ఖాళీగా ఉన్నప్పుడు ఆ పని జరగాలి. మన ఇళ్లలో కంప్యూటర్‌ను ఎలా వాడతామో ఆలోచించండి. పని ఉన్నప్పుడే ఆన్ చేస్తాం, పని అయిపోగానే షట్‌డౌన్ చేసి, గోడ స్విచ్ కూడా ఆపేస్తాం. ఆన్‌లో ఉన్నంతసేపూ ఎవరో ఒకరు దాని ముందు కూర్చునే ఉంటారు. అలాంటి యంత్రంలో మెయింటెనెన్స్‌కు అవకాశం దొరికేది చాలా అరుదు. మీ ఇంట్లో కూడా ఇదే జరిగి ఉంటుందని నా అంచనా.

ఇప్పుడు ‘రోజూ’ అన్న మాట దగ్గరికి వద్దాం. రిస్టోర్ పాయింట్ అంటే సీ డ్రైవ్ మొత్తానికి తీసిన ఒక పూర్తి నకలు అని మీరు అనుకుంటే, అది నిజం కాదు. విండోస్ విస్టా కాలం నుంచి సిస్టమ్ రిస్టోర్ వాల్యూమ్ షాడో కాపీ అనే సేవ మీద ఆధారపడి పనిచేస్తోంది. పాయింట్ పెట్టిన క్షణంలో అది దాదాపు ఏమీ రాయదు. ఆ తర్వాత డిస్క్ మీద ఏదైనా భాగం మారబోతుంటే, మారకముందు అక్కడ ఉన్నదాన్ని తీసి పక్కన దాచిపెట్టి, ఆ తరువాతే మార్పుకు దారి ఇస్తుంది. లెక్కల పుస్తకంలో ఒక పేజీని దిద్దబోయే ముందు గుమాస్తా పాత పేజీని వేరే పుస్తకంలోకి ఎత్తి రాసుకోవడం లాంటిదే ఇది. అందువల్ల ఒక రిస్టోర్ పాయింట్ ఎన్ని జీబీలు అన్న ప్రశ్నకు ముందుగా జవాబు ఉండదు. దాని తర్వాత డిస్క్ మీద ఎంత మారిందో దాన్ని బట్టి అది పెరుగుతుంది. ఆ దాచిన భాగాలన్నీ సీ డ్రైవ్‌లోని ‘సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్’ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. ఆ ఫోల్డర్ మామూలుగా మనకు కనిపించదు, అందులో చేయి పెట్టకూడదు.

ఆ ఫోల్డర్ ఎంతవరకు పెరగవచ్చో మీరు కాన్ఫిగర్ విండోలోని స్లైడర్‌తో నిర్ణయిస్తారు. ఆ పరిమితి నిండగానే విండోస్ అన్నిటికంటే పాత పాయింట్‌ను తీసేస్తుంది. అంటే పాతవి వాటంతటవే పోవాలన్న మీ కోరిక, మీరు ఏమీ చేయకుండానే తీరుతుంది. అసలు ఇబ్బంది అవి పోకపోవడంలో లేదు, తొందరగా పోవడంలో ఉంది. మీ శ్రీమతి గారు పెద్ద పెద్ద డిజైన్ ఫైళ్లను సీ డ్రైవ్‌లోనే పెట్టి పదేపదే సేవ్ చేస్తుంటే, ఆ మార్పులన్నీ కూడా ఈ లెక్కలోకే వస్తాయి. రిస్టోర్ చేసేటప్పుడు విండోస్ మీ సొంత ఫైళ్లను ముట్టుకోదు, కానీ షాడో కాపీ డ్రైవ్ మొత్తానిది కాబట్టి వాటి మార్పులకు కూడా స్థలం ఖర్చవుతుంది. దీనికి పెద్ద విండోస్ అప్‌డేట్ ఒకటి తోడైతే, ఒకే రోజులో ఎన్నో జీబీలు మారిపోతాయి.

రోజుకొక పాయింట్ పెట్టినంత మాత్రాన మీరు వెనక్కి వెళ్లగలిగే దూరం పెరగదు. స్థలం అంతే, మార్పులు అంతే. పైగా ప్రతి పాయింట్ దగ్గరా పాతదాన్ని విడిగా దాచవలసి రావడంతో, మధ్యలో ఎన్ని పాయింట్లు ఉంటే పదేపదే మారే భాగాలకు అన్ని నకళ్లు ఉంటాయి, దాంతో అన్నిటికంటే పాత పాయింట్ మరింత త్వరగా తొలగిపోతుంది. తరచుగా పెట్టడమూ, ఎక్కువ కాలం నిలవడమూ రెండూ ఒకే స్థలంలో నుంచి తీసుకోవలసినవే. ఎన్నాళ్లకు ఒకటి పెట్టాలో తేల్చుకోవడానికి నేను ఎవరినైనా అడిగే ప్రశ్న ఒకటే. మీ ఇంట్లో కంప్యూటర్ పాడైన రోజుకూ, ఆ పాడైన సంగతి మీరు గుర్తించే రోజుకూ మధ్య ఎన్ని రోజులు పడుతుంది? మీ విషయంలోనే చూడండి. డ్రైవర్ వేసిన రోజున అంతా బాగానే ఉన్నట్టు కనిపించింది, పెళ్లిపత్రిక ప్రింట్ తీయవలసిన పని వచ్చినప్పుడు కానీ దెబ్బ తెలియలేదు. ముహూర్తాలు లేని మాసమైతే ఇంకా ఆలస్యంగా తెలిసేది. అలాంటి ఇంటికి నిన్నటి పాయింట్, మొన్నటి పాయింట్ పది ఉన్నా ప్రయోజనం లేదు, మూడు వారాల కిందటిది ఒకటి ఉంటే ఎంతో మేలు. అందుకే మీకు వారానికి ఒకటి, దానితోపాటు ఏదైనా కొత్తది వేసే ముందు తప్పనిసరిగా ఒకటి అన్న పద్ధతినే సూచిస్తాను.

ఇందులో మరో హద్దు కూడా ఉంది. 2025 జూన్ నెల భద్రతా అప్‌డేట్ తర్వాత విండోస్ 11 24హెచ్2 వెర్షన్ రిస్టోర్ పాయింట్లను గరిష్ఠంగా 60 రోజులే ఉంచుతుందని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. స్థలం ఎంత ఇచ్చినా ఆ గడువు దాటిన పాయింట్ ఉండదు. కాబట్టి వారానికి ఒకటి చొప్పున పెడుతూ, స్థలం సరిపోయేలా చూసుకుంటే, ఏ రోజున చూసినా మీ చేతిలో ఎనిమిది వారాల వరకు చరిత్ర ఉండవచ్చు. ఇంటి వాడకానికి అది చక్కగా సరిపోతుంది.

ఇక ఏర్పాటు. టాస్క్ షెడ్యూలర్ తెరిచి, కుడివైపు ‘క్రియేట్ టాస్క్’ ఎంచుకోండి. దాని పైన ఉండే ‘క్రియేట్ బేసిక్ టాస్క్’ తేలికగా కనిపిస్తుంది కానీ, మనకు కావలసిన వివరాలు అన్నీ అందులో అడగరు. జనరల్ ట్యాబ్‌లో పేరు పెట్టాక, ‘చేంజ్ యూజర్’ నొక్కి ‘సిస్టమ్’ అనే పదాన్ని ఇంగ్లిష్‌లో టైప్ చేసి సరే అనండి. దీనివల్ల ఆ సమయానికి ఇంట్లో ఎవరి అకౌంట్ తెరిచి ఉన్నా, లేకున్నా పని జరుగుతుంది, తెర మీద నల్ల కిటికీ మెరిసి మాయమవడం కూడా ఉండదు. ‘రన్ విత్ హయ్యెస్ట్ ప్రివిలేజెస్’ ఎదురుగా టిక్ పెట్టాలి, ఎందుకంటే అడ్మినిస్ట్రేటర్ హక్కు లేకుండా రిస్టోర్ పాయింట్ తయారు కాదు.

ట్రిగ్గర్స్ ట్యాబ్‌లో ‘వీక్లీ’ ఎంచుకుని, మీ కంప్యూటర్ నిజంగా ఆన్‌లో ఉండే వేళను పెట్టండి. తెల్లవారుజాము వేళలు వద్దు. ఉదాహరణకు ఆదివారం ఉదయం 11 గంటలు. ఆ తర్వాత సెట్టింగ్స్ ట్యాబ్‌లో ‘రన్ టాస్క్ యాజ్ సూన్ యాజ్ పాజిబుల్ ఆఫ్టర్ ఎ షెడ్యూల్డ్ స్టార్ట్ ఈజ్ మిస్డ్’ అనే వాక్యం ఎదురుగా టిక్ పెట్టడం మరవకండి. మన ఇళ్ల వాడకానికి ఈ ఏర్పాటు మొత్తంలో కీలకమైనది ఆ ఒక్క టిక్కే. ఆ ఆదివారం మీరు కాణిపాకం వెళ్లి కంప్యూటర్ ఆన్ చేయకపోయినా, సోమవారం ఆన్ చేసిన కొద్దిసేపటికి ఆ పని పూర్తవుతుంది. కండిషన్స్ ట్యాబ్‌లో ‘స్టార్ట్ ది టాస్క్ ఓన్లీ ఇఫ్ ది కంప్యూటర్ ఈజ్ ఆన్ ఏసీ పవర్’ అన్నది ముందే టిక్ చేసి ఉంటుంది. ల్యాప్‌టాప్ అయితే అలాగే ఉంచండి.

యాక్షన్స్ ట్యాబ్‌లో ‘స్టార్ట్ ఎ ప్రోగ్రామ్’ ఎంచుకుని, ప్రోగ్రామ్ పేరుగా, టైప్ చేసిన ఆదేశాలను నడిపే పవర్‌షెల్ డాట్ ఈఎక్స్ఈ అని, కింద ఆర్గ్యుమెంట్స్ గడిలో ముందుగా ఒక అడ్డగీత, దానికి ఆనుకుని ‘కమాండ్’ అనే పదం, తర్వాత ఖాళీ, ఆ తర్వాత జంట కొటేషన్ గుర్తుల మధ్య అసలు ఆదేశం, అన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లో రాయాలి. ఆ ఆదేశం ‘చెక్‌పాయింట్-కంప్యూటర్’. రెండు పదాల మధ్య అడ్డగీత తప్ప ఖాళీ ఉండదు. దాని వెంట అడ్డగీతతో ‘డిస్క్రిప్షన్’ అని, ఒంటి కొటేషన్ గుర్తుల్లో మీరు గుర్తుపట్టే పేరు, మళ్లీ అడ్డగీతతో ‘రిస్టోర్‌పాయింట్‌టైప్’ అని, దాని విలువగా ‘మాడిఫై’, ‘సెట్టింగ్స్’ అనే పదాలను అండర్‌స్కోర్‌తో కలిపి పెద్ద అక్షరాల్లో ఇవ్వండి. ఇది విండోస్‌తోపాటే వచ్చే పాత పవర్‌షెల్ 5.1లో పనిచేసే ఆదేశం. విడిగా దించుకునే పవర్‌షెల్ 7లో ఇది లేదు. ఎవరైనా మీకు కొత్తది వేసి ఇచ్చి, ఆదేశం దొరకడం లేదంటే కారణం అదే.

ఇప్పుడు చాలామందిని తికమక పెట్టే ఒక నియమం చెప్పాలి. ఈ ఆదేశంతో 1440 నిమిషాల్లో, అంటే 24 గంటల్లో, ఒక్క పాయింటే తయారవుతుంది. ఇది విండోస్ 8 నుంచి ఉన్న నియమం. రెండోసారి ప్రయత్నిస్తే పవర్‌షెల్ విండోలో పసుపు రంగులో ఒక హెచ్చరిక వస్తుంది. కానీ షెడ్యూలర్ నుంచి నడిచినప్పుడు ఆ హెచ్చరిక ఎవరికీ కనిపించదు, పని విజయవంతంగా పూర్తయినట్టే చూపిస్తుంది. ఈ గడువును విండోస్ తన సెట్టింగులన్నీ దాచుకునే రిజిస్ట్రీలో మార్చవచ్చు. హెచ్‌కీ లోకల్ మెషీన్ కింద సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్ ఎన్‌టీ, కరెంట్‌వెర్షన్, సిస్టమ్‌రిస్టోర్ అనే చోట ‘సిస్టమ్‌రిస్టోర్‌పాయింట్‌క్రియేషన్‌ఫ్రీక్వెన్సీ’ అనే పేరుతో డీవర్డ్ విలువ సృష్టించి, అందులో నిమిషాలు ఇస్తే సరిపోతుంది. ఎక్కడ వెతికినా దాన్ని సున్నా చేయమనే సలహాయే మీకు కనిపిస్తుంది. నేను ఆ సలహా ఇవ్వను. సున్నా చేస్తే గడువే ఉండదు. ఒకే మధ్యాహ్నం నాలుగు సాఫ్ట్‌వేర్లు వేస్తే, పాయింట్ అడిగే ప్రతి ఇన్‌స్టాలర్‌కూ ఒక పాయింట్ తయారై, మూడు వారాల కిందటి మంచి పాయింట్‌ను బయటకు తోసేయవచ్చు. వారానికి ఒకటి పెట్టుకునే మీకు అసలు ఆ విలువ జోలికే వెళ్లనవసరం లేదు. ఒకే రోజున పాత డ్రైవర్ తీసే ముందు ఒకటి, కొత్తది వేసే ముందు ఒకటి కావాలనిపిస్తే 120 నిమిషాలు ఇవ్వండి, అంతకంటే తగ్గించకండి.

కొత్తది వేసే ముందు పెట్టే పాయింట్ గురించి ఇంకొక్క మాట. వారపు పాయింట్ ఒక అండ మాత్రమే, మీకు అసలు రక్షణ ఇచ్చేది ఇదే. డ్రైవర్, ఫాంట్ల సాఫ్ట్‌వేర్, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ తాలూకు ప్రోగ్రామ్, కొత్త యాంటీవైరస్, ఇలాంటివి ఏవి వేసినా ముందు సిస్టమ్ ప్రొటెక్షన్ ట్యాబ్‌లోని ‘క్రియేట్’ బటన్ నొక్కి ఒక పేరు ఇవ్వండి. తేదీ, సమయం అదే వేసుకుంటుంది కాబట్టి పేరులో వాటి అవసరం లేదు. ‘టెస్ట్’ అనో ‘న్యూ’ అనో పెట్టకుండా, ఏ పనికి ముందు పెట్టారో ఆ పని పేరు పెట్టండి. నెల తర్వాత జాబితా చూసేది మీ అబ్బాయే కావచ్చు, వాడికి కూడా చూడగానే అర్థం కావాలి.

స్థలం విషయంలో, 256 జీబీ డిస్క్ విండోస్‌లో సుమారు 238 జీబీగా కనిపిస్తుంది. అందులో ఐదు శాతం ఇస్తే దాదాపు 12 జీబీ అవుతుంది. మీ వాడకానికి ఐదు నుంచి ఎనిమిది శాతం మధ్య ఉంచమని నా సలహా. అంతకంటే ముఖ్యంగా, డిజైన్ ఫైళ్లను, వీడియోలను సీ డ్రైవ్ నుంచి వేరే డ్రైవ్‌కు మార్చండి. నా అనుభవంలో స్లైడర్‌ను ఎంత జరిపినా రాని తేడా ఈ ఒక్క మార్పుతో వచ్చింది. ప్రస్తుతం ఎంత వాడుతోందో అదే కాన్ఫిగర్ విండోలో కనిపిస్తుంది. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో ‘వీఎస్ఎస్ అడ్మిన్ లిస్ట్ షాడోస్టోరేజ్’ అని ఇస్తే (మొదటి రెండూ కలిపి ఒకే పదం) వాడినది, కేటాయించినది, గరిష్ఠ పరిమితి మూడూ విడివిడిగా చూపిస్తుంది. స్లైడర్‌ను వెనక్కి తగ్గిస్తే పాత పాయింట్లు అప్పటికప్పుడే పోవచ్చు. ప్రొటెక్షన్‌ను ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేస్తే అన్నీ పోతాయి. డిస్క్ క్లీనప్‌లో ‘మోర్ ఆప్షన్స్’ కింద చివరిది ఒక్కటి మాత్రం ఉంచి మిగతావన్నీ తొలగించే బటన్ ఉంది. కంప్యూటర్‌ను వేగవంతం చేస్తామని చెప్పే క్లీనర్ ప్రోగ్రాములలో కూడా ఇలాంటి ఏర్పాటు ఉంటుంది. స్థలం తక్కువైందని ఇంట్లో ఎవరో ఒకరు అది నొక్కితే, ఎనిమిది వారాల చరిత్ర ఒక్క క్షణంలో పోతుంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.

ఏర్పాటు చేసి వదిలేయకుండా, నెలకోసారైనా అది పనిచేస్తోందో లేదో చూడాలి. నేను దీన్ని గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కంప్యూటర్ మొరాయించిన రోజున నన్ను పిలిచేవారిలో చాలామంది అన్నీ సరిగానే పెట్టుకుని, ఆ తర్వాత వచ్చిన పెద్ద వెర్షన్ అప్‌గ్రేడ్‌ను పట్టించుకోనివారే. విండోస్ ఒక వెర్షన్ నుంచి ఇంకో వెర్షన్‌కు మారినప్పుడు అంతకుముందున్న పాయింట్లు మిగలవు, కొన్నిసార్లు ప్రొటెక్షన్ కూడా ఆఫ్ అయిపోయి ఉంటుంది. పవర్‌షెల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ‘గెట్-కంప్యూటర్‌రిస్టోర్‌పాయింట్’ అని ఇస్తే ఉన్న పాయింట్లన్నీ తేదీలతో సహా కనిపిస్తాయి. టాస్క్ షెడ్యూలర్‌లో ‘లాస్ట్ రన్ రిజల్ట్’ బాగుందని చూసి తృప్తిపడకండి. పైన చెప్పిన 24 గంటల నియమం వల్ల పాయింట్ ఏర్పడకపోయినా అది బాగానే ఉందంటుంది. జాబితాలో తేదీ కనిపిస్తేనే పాయింట్ ఉన్నట్టు.

వెనక్కి వెళ్లవలసిన రోజున ఏం చేయాలో కూడా ఇప్పుడే చదివి ఉంచుకోండి. రన్ బాక్స్‌లో ఆర్ఎస్‌టీఆర్‌యూఐ అనే అక్షరాలు ఇంగ్లిష్‌లో టైప్ చేస్తే సిస్టమ్ రిస్టోర్ తెరుచుకుంటుంది. ‘షో మోర్ రిస్టోర్ పాయింట్స్’ టిక్ చేస్తే పాతవన్నీ వస్తాయి. ఒకదాన్ని ఎంచుకుని ‘స్కాన్ ఫర్ ఎఫెక్టెడ్ ప్రోగ్రామ్స్’ నొక్కితే ఏ సాఫ్ట్‌వేర్లు పోతాయో, ఏవి తిరిగి వస్తాయో జాబితా చూపిస్తుంది. ఆ జాబితాను ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి, తర్వాత మళ్లీ వేసుకోవలసినవి అవే. ఈ మధ్య విండోస్ పాస్‌వర్డ్ మార్చి ఉంటే పాతది కూడా గుర్తుండాలి. విండోస్ లోపలి నుంచి చేసిన రిస్టోర్ నచ్చకపోతే దాన్ని రద్దు చేసుకునే వీలుంటుంది, ఎందుకంటే అది మొదలుపెట్టే ముందు తనే ఒక పాయింట్ పెట్టుకుంటుంది. సేఫ్ మోడ్ నుంచి గానీ, రికవరీ తెర నుంచి గానీ చేస్తే ఆ వీలు ఉండదు.

విండోస్ తెరుచుకోకపోతే రికవరీ తెరే దారి. వరుసగా రెండుసార్లు ప్రారంభం కాలేకపోతే విండోస్ తనంతట తానే అక్కడికి వెళుతుంది. ‘ట్రబుల్‌షూట్’, ఆ తర్వాత ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’ లోపల సిస్టమ్ రిస్టోర్ ఉంటుంది. ఇక్కడే నేను చాలా ఇళ్లలో పని ఆగిపోవడం చూశాను. డ్రైవ్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే, అంటే కీ లేకుండా చదవలేనట్టు తాళం పడి ఉంటే, అక్కడ 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతుంది. 24హెచ్2ను కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదలుపెట్టిన కంప్యూటర్లలో, మనం అడగకపోయినా డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉండే అవకాశం ఎక్కువ. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. కంప్యూటర్ బాగున్న ఈ రోజే దాన్ని చూసి, కాగితం మీద రాసి, ఇంటి పత్రాలు పెట్టే చోట భద్రపరచండి. అది చేతిలో లేకపోతే పైన చెప్పిన ఏర్పాట్లన్నీ ఉన్నా ఆ రోజున అక్కరకు రావు.

కరెంటు విషయం మన జిల్లాల వారికి ప్రత్యేకంగా చెప్పాలి. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మనకు వానలతోపాటు కోతలూ ఉంటాయి. వేసవి సాయంత్రాల్లో గాలివానలకు కూడా లైన్లు పోతాయి. రిస్టోర్ జరుగుతుండగా మధ్యలో కరెంటు పోతే సగం పాత ఫైళ్లతో, సగం కొత్త ఫైళ్లతో విండోస్ అసలే తెరుచుకోకపోవచ్చు. యూపీఎస్ ఉన్నా పాత బ్యాటరీ మీద నమ్మకం పెట్టుకోకుండా, వాతావరణం నిలకడగా ఉన్న పూట చూసుకుని మొదలుపెట్టండి. గంట వరకు పట్టవచ్చు. తెర కదలడం లేదని పవర్ బటన్ నొక్కకండి. ఇదే కరెంటు కోతల వల్ల రిస్టోర్ పాయింట్ విలువ కూడా మనకు ఎక్కువ. ఒకప్పుడు విండోస్ రిజిస్ట్రీ నకలును రెగ్‌బ్యాక్ అనే ఫోల్డర్‌లో తనంతట తానే దాచేది. విండోస్ 10 1803 వెర్షన్ నుంచి అది ఆగిపోయింది. హఠాత్తుగా కరెంటు పోయి రిజిస్ట్రీ పాడైతే రిస్టోర్ పాయింట్ వాడుకోమనే మైక్రోసాఫ్ట్ చెబుతోంది.

ఇవి దేనికి పనికిరావో కూడా తెలిసి ఉండాలి. మీ ఫొటోలు, పత్రికల డిజైన్లు పొరపాటున చెరిపేస్తే రిస్టోర్ వాటిని వెనక్కి తేదు. ఎస్‌ఎస్‌డీ చెడిపోతే దానిలోనే ఉన్న పాయింట్లూ దానితోపాటే పోతాయి. ఇక డబ్బు గుంజడానికి వచ్చే రాన్సమ్‌వేర్ అయితే ఫైళ్లకు తాళం వేయడంతోపాటు షాడో కాపీలను కూడా చెరిపేస్తుంది. 2017 మే నెలలో ప్రపంచమంతా వ్యాపించిన వన్నాక్రై చేసింది అదే, అప్పుడు చిత్తూరు సహా మన రాష్ట్రంలోని కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అందుకని మీ శ్రీమతి గారి పని ఫైళ్లకు ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ విడిగా ఉండాలి, నకలు తీసే సమయంలో తప్ప దాన్ని కంప్యూటర్‌కు తగిలించి ఉంచకూడదు.

చివరగా, మీ కంప్యూటర్ ఇప్పుడున్న స్థితి. ఈ రోజే పాయింట్ పెట్టకండి. ఇప్పుడు పెడితే పాడైన డ్రైవర్‌తో సహా అందులో భద్రమవుతుంది. ముందు సెట్టింగ్స్‌లోని ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌లో రెండు ప్రింటర్లనూ తొలగించండి. తర్వాత అదే పేజీ కింద ఉండే ‘ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్’ తెరిచి, డ్రైవర్స్ ట్యాబ్‌లో కొత్త ప్రింటర్ డ్రైవర్‌ను ‘రిమూవ్ డ్రైవర్ అండ్ డ్రైవర్ ప్యాకేజ్’ అనే ఎంపికతో పూర్తిగా తీసేయండి. ప్రింటర్‌ను మాత్రమే తొలగిస్తే డ్రైవర్ లోపలే ఉండిపోయి, మళ్లీ తగిలించగానే అదే తిరిగి వస్తుంది. రీస్టార్ట్ చేసి, పాత ప్రింటర్ వేసి, ఒక పత్రిక ప్రింట్ తీసి చూడండి. తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌ను కూడా తీసి మళ్లీ వేసి, నాలుగు పంక్తులు టైప్ చేయండి. రెండూ సరిగ్గా ఉన్నాక ప్రొటెక్షన్ ఆన్ చేసి, మొదటి పాయింట్‌ను చేత్తో పెట్టి, ఆ తర్వాతే కొత్త ప్రింటర్ జోలికి వెళ్లండి. కొత్త డ్రైవర్‌ను ఈసారి డబ్బాలో వచ్చిన సీడీ నుంచి కాకుండా, తయారీదారు వెబ్‌సైట్‌లో విండోస్ 11కు ఉద్దేశించినదాన్నే దించి వేయండి. అప్పటికీ టైపింగ్ సాఫ్ట్‌వేర్ మొరాయిస్తే, ప్రింటర్ మోడల్, టైపింగ్ సాఫ్ట్‌వేర్ వెర్షన్ రెండూ రాయండి, ఆ రెండింటి మధ్య పేచీ ఎక్కడుందో చూసి చెబుతాను.